నోటీసుకూ విద్యార్థికీ నడుమ

(ఆరన్ స్వార్ట్జ్ వర్ధంతి సందర్భంగా 2026 జనవరి 11, ఆదివారం నాడు అమెరికాలో తెలుగు గ్రంథాభిమానుల సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



2013లో ఇదే రోజున ఆరన్ స్వార్ట్జ్ న్యూయార్క్‌లో తన ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. పాత తెలుగు పుస్తకం కావాలంటే మనందరం ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతుకుతాం. ఆ సంస్థ ఓపెన్ లైబ్రరీని తొలినాళ్లలో కట్టినవాళ్లలో అతనొకడు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల వెనకా అతని శ్రమ ఉంది. తెలుగు వికీపీడియాలో మన మిత్రులు రాసే ప్రతి వ్యాసం ఆ లైసెన్సు కిందే వెలువడుతోంది. అతన్ని తలుచుకోవడానికి మనకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

అతని మీద నడిచిన కేసు ఒక క్యాంపస్ నెట్‌వర్క్‌లో పుట్టింది. దాని దగ్గరికి చివర్లో వస్తాను. ఇవాళ నేను ఎంచుకున్న విషయం దానికన్నా మామూలుది, చాలా ఎక్కువమంది పిల్లలకు తగిలేది. హాస్టలు గదిలో కూర్చున్న విద్యార్థి క్యాంపస్ ఇంటర్నెట్ మీద ఒక పాటో సినిమానో పదిమందికీ పంచితే, అందులో విశ్వవిద్యాలయానికి చట్టరీత్యా ఎంత బాధ్యత ఉంది? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గత పాతికేళ్లలో అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు, విద్యార్థుల మీద చట్టం అడిగినదానికన్నా ఎక్కువే చేశాయి. విద్యార్థుల కోసం మాత్రం, చట్టం చేయనిచ్చినంత కూడా చేయలేదు. నేను న్యాయవాదిని కాను. విశ్వవిద్యాలయమంటే ఏమిటో పట్టించుకునే మనిషిగా మాట్లాడుతున్నాను.

కథ 1999లో మొదలవుతుంది. బోస్టన్‌లో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థి షాన్ ఫానింగ్ రాసిన, పాటలు పంచుకునే ప్రోగ్రాం నాప్‌స్టర్ ఆ వేసవిలో బయటికొచ్చింది. ఇళ్లలో అప్పటికి ఫోన్ తీగ మీద నత్తనడక ఇంటర్నెట్. హాస్టలు గదుల్లోనేమో పరిశోధన కోసం వేసిన వేగవంతమైన లైన్లు. పాటల పంపకం ముందుగా క్యాంపస్‌లలో అంటుకోవడానికి కారణం ఇదే. కుర్రాళ్లలో దొంగబుద్ధి హఠాత్తుగా పెరిగిందని కాదు. ఆ శరదృతువులోనే పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ తన విద్యార్థుల ఫోల్డర్లను తనిఖీ చేసి, 71 మంది గదుల్లో ఇంటర్నెట్ కోసేసింది. కాపీరైట్ పాఠానికి హాజరైనవాళ్లకు శిక్ష తగ్గించింది.

అసలు భయం 2000 ఏప్రిల్‌లో పుట్టింది. మెటాలికా బ్యాండు నాప్‌స్టర్ మీద దావా వేస్తూ, అదే కాగితంలో మూడు విశ్వవిద్యాలయాలను కూడా ప్రతివాదులుగా చేర్చింది: యేల్, ఇండియానా, సదరన్ కాలిఫోర్నియా. నేరముఠాలను పట్టడానికి చేసిన రీకో చట్టాన్ని కూడా ఆ ఫిర్యాదులో వాడారు. కొద్ది రోజుల్లోనే యేల్, ఇండియానా నాప్‌స్టర్‌ను అడ్డుకున్నాయి, సదరన్ కాలిఫోర్నియా కట్టడి చేసింది. దావాలోంచి వాటి పేర్లు తీసేశారు. విశ్వవిద్యాలయానిది తప్పా కాదా అన్న ప్రశ్న న్యాయమూర్తి ముందుకు రానేలేదు. జవాబు తేలకుండానే భయం మాత్రం మిగిలిపోయింది.

అదే ఏడాది సెప్టెంబరులో మెటాలికా న్యాయవాది మరికొన్ని విశ్వవిద్యాలయాలకు నాప్‌స్టర్‌ను ఆపమని ఉత్తరాలు రాశాడు. హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫోర్డ్, డ్యూక్ కుదరదన్నాయి. వాటి మీద దావా పడలేదు. ఈ రెండో సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. ఏప్రిల్‌లో లొంగినవాళ్ల కథే అన్ని క్యాంపస్‌ల న్యాయ విభాగాలకూ పాఠమైంది. సెప్టెంబరులో నిలబడ్డవాళ్ల కథ కావలసి ఉండింది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. కొంచెం ఓపిక పట్టండి, కీలకమంతా ఇక్కడే ఉంది. 1998లో వచ్చిన డిజిటల్ మిలెనియం కాపీరైట్ చట్టం, మనం వాడుకలో డీఎంసీఏ అంటున్నది, 512వ సెక్షన్‌లో ఇంటర్నెట్ సేవలు ఇచ్చేవాళ్లకు రక్షణ కల్పించింది. విశ్వవిద్యాలయం తన సర్వర్‌లో ఎవరిదైనా ఫైలు దాచి ఉంచితే, హక్కుదారు నోటీసు ఇవ్వగానే దాన్ని తీసేయాలి. కానీ విద్యార్థి సొంత కంప్యూటర్‌లోంచి బయటి మరో కంప్యూటర్‌కి ఫైలు వెళ్తున్నప్పుడు విశ్వవిద్యాలయం కేవలం దారి ఇచ్చేది. అక్కడ తీసేయడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. అందుకే నోటీసు రాగానే ఫైలు తొలగించాలన్న నిబంధన ఆ సందర్భానికి చట్టం పెట్టలేదు. అడిగిందల్లా ఇంకొకటి: పదేపదే ఉల్లంఘించేవాళ్ల ఖాతాలను తగిన పరిస్థితుల్లో రద్దు చేసే విధానం ఒకటి ఉండాలి, దాన్ని నిజంగా అమలుచేయాలి. 'పదేపదే' అంటే ఎన్నిసార్లో, 'తగిన పరిస్థితులు' అంటే ఏవో చట్టం చెప్పలేదు. ఆ ఖాళీని వివేకంతో నింపుకోమని సంస్థలకే వదిలేసింది.

అధ్యాపకుల కోసం ఇంకో మంచి ఏర్పాటు కూడా ఉంది. లాభాపేక్ష లేని విద్యాసంస్థలో అధ్యాపకుడు గానీ, ఉద్యోగిగా పనిచేసే గ్రాడ్యుయేట్ విద్యార్థి గానీ బోధనలో, పరిశోధనలో భాగంగా చేసిన పనిని కొన్ని షరతుల మీద సంస్థకు అంటగట్టకూడదని ఆ సెక్షనే చెబుతుంది. విశ్వవిద్యాలయంలో ఆలోచన స్వేచ్ఛగా సాగాలని, ప్రతి ప్రొఫెసరు భుజం మీదుగా యాజమాన్యం తొంగిచూడకూడదని చట్టసభ గుర్తించిందన్నమాట. ఆ గుర్తింపు మామూలు విద్యార్థి దాకా రాలేదు.

మరో తేడా కూడా చెప్పుకోవాలి. మిషిగన్, టెక్సస్ లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ప్రభుత్వంలో భాగం. రాష్ట్రాల మీద ఫెడరల్ కోర్టులో కాపీరైట్ నష్టపరిహారం కోరడం కుదరదని అలెన్ వర్సెస్ కూపర్ కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 23న తేల్చింది. అంటే ఒకే నోటీసు ముందు ప్రైవేటు విశ్వవిద్యాలయానిది ఒక స్థితి, రాష్ట్ర విశ్వవిద్యాలయానిది మరో స్థితి. విద్యార్థికి మాత్రం రెండు చోట్లా ఏ రక్షణా లేదు. కావాలని చేసిన ఉల్లంఘన అని రుజువైతే ఒక్కో పాటకు 1,50,000 డాలర్ల వరకు పడవచ్చు. నన్ను ఎక్కువగా కలతపెట్టేది ఇదే. సంస్థ చుట్టూ ఇన్ని గోడలు కట్టిన చట్టం పంతొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఆరుబయట నిలబెట్టింది.

2003 ఏప్రిల్‌లో రికార్డింగ్ కంపెనీల సంఘం నలుగురు విద్యార్థుల మీద దావా వేసింది. ఇద్దరు రెన్సెలర్‌లో, ఒకరు ప్రిన్స్‌టన్‌లో, ఒకరు మిషిగన్ టెక్‌లో చదువుతున్నారు. నెల తిరక్కుండానే ఒక్కొక్కరూ 12,000 నుంచి 17,500 డాలర్ల దాకా ఇచ్చి రాజీపడ్డారు. మిషిగన్ టెక్ అధ్యక్షుడు కర్టిస్ టాంప్‌కిన్స్ ఆ సంఘానికి ఘాటుగా ఉత్తరం రాశాడు: మేం మీతో సహకరిస్తూనే ఉన్నాం, ఈ విద్యార్థి సంగతి మాకు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా కోర్టుకెక్కారెందుకు అని. ఒక తండ్రి అడగవలసిన ప్రశ్నను ఒక విశ్వవిద్యాలయాధ్యక్షుడు అడిగాడు. ఆ వేసవిలో ఎంఐటీ, బోస్టన్ కాలేజీ విద్యార్థుల పేర్లు అప్పగించడానికి ఒప్పుకోలేదు. వాషింగ్టన్ కోర్టు పేరిట వచ్చిన సమన్లు మసాచుసెట్స్‌లో చెల్లవని వాదించాయి. ఆగస్టులో న్యాయమూర్తి వాటి మాట నిజమన్నాడు. ఆ డిసెంబరులో, దారి మాత్రమే ఇచ్చేవాళ్ల నుంచి ఆ అడ్డదారి సమన్లతో పేర్లు రాబట్టడం కుదరదని వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు వెరిజాన్ కేసులో తేల్చింది. ఇక పేరు కావాలంటే ముందు కోర్టులో దావా వేయాల్సిందే.

అందుకని 2007 ఫిబ్రవరిలో కంపెనీలు కొత్త పద్ధతి కనిపెట్టాయి. దావాకు ముందే రాజీ ఉత్తరం. విద్యార్థి పేరు కంపెనీకి తెలియదు, తెలిసినది ఐపీ నంబరు ఒక్కటే. ఉత్తరాన్ని విశ్వవిద్యాలయానికి పంపి, ఆ నంబరు ఎవరిదో చూసి వాళ్లకు మీరే అందించండి అన్నాయి. మొదటి విడతలో 13 విశ్వవిద్యాలయాలకు 400 ఉత్తరాలు వెళ్లాయి. 3,000 డాలర్లు, కొంచెం అటూఇటూగా, ఆన్‌లైన్‌లో కట్టేస్తే దావా ఉండదన్నారు. ఈ ఉత్తరాలు అందించాలని ఏ చట్టమూ చెప్పలేదు. అయినా చాలా విశ్వవిద్యాలయాలు అందించాయి. తెలియకుండా దావా పడటం కన్నా ముందే తెలియడం విద్యార్థికి మంచిదని వాదించాయి. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. కానీ విశ్వవిద్యాలయం ముద్రతో వచ్చిన ఉత్తరాన్ని విద్యార్థి ఎలా చదువుకుంటాడు? బయటి కంపెనీ అడిగిన డబ్బును తన కళాశాలే కట్టమంటోందని అనుకుంటాడు. విస్కాన్సిన్-మాడిసన్ ఈ ప్రమాదాన్ని గ్రహించింది. కోర్టు సమన్లు తెస్తే పాటిస్తాం, మీ రాజీ ఉత్తరాలు మాత్రం మోయం అంది. ఆ ఏడాది చివర్లో ఒరెగాన్ విశ్వవిద్యాలయం తరఫున ఆ రాష్ట్ర అటార్నీ జనరలే కోర్టులో నిలబడ్డాడు. ఒక గదిలో ఇద్దరు ఉంటే ఐపీ నంబరు ఆ ఇద్దరిలో ఎవరో చెప్పదు. చెప్పాలంటే విశ్వవిద్యాలయం తన విద్యార్థులనే విచారించాలి. అది మా పని కాదు అన్నది వాదన. మెయిన్ విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలలో చదువుకునే పిల్లలే తమ క్లినిక్ ద్వారా తోటి విద్యార్థుల పక్షాన వాదించారు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ క్లినిక్.

మిగతా చోట్ల దారి వేరు. స్టాన్‌ఫోర్డ్ 2007లో తిరిగి కనెక్షన్ ఇవ్వడానికి రుసుము పెట్టింది: మొదటిసారి 100 డాలర్లు, రెండోసారి 500, మూడోసారి 1,000. ఒహాయో విశ్వవిద్యాలయం ఫైల్ షేరింగ్ ప్రోగ్రాములన్నిటినీ క్యాంపస్ నుంచి వెళ్లగొట్టింది. ఆ ప్రోగ్రాములతో చట్టబద్ధంగా లినక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పంచుకునే విద్యార్థులకూ అదే శిక్ష పడింది.

కోర్టు దాకా వెళ్లినవాళ్లకు ఏమైందో తెలియాలంటే బోస్టన్ విశ్వవిద్యాలయ గ్రాడ్యుయేట్ విద్యార్థి జోయెల్ టెనెన్‌బామ్ కేసు చాలు. హార్వర్డ్ న్యాయాచార్యుడు చార్లెస్ నెసన్ అతని పక్షాన వాదించాడు. 30 పాటలకు జ్యూరీ 2009లో 6,75,000 డాలర్లు వేసింది. న్యాయమూర్తి నాన్సీ గెర్ట్‌నర్ దాన్ని పదోవంతుకు తగ్గించినా పై కోర్టు ఒప్పుకోలేదు. చివరికి మొదటి మొత్తమే ఖాయమైంది. 2008 డిసెంబరులో ఈ దావాల జోరు ఆపేస్తున్నామని కంపెనీలు ప్రకటించేనాటికి, విద్యార్థులూ కాని వాళ్లూ కలిపి సుమారు 35 వేల మంది వాటి బారిన పడ్డారు.

ఆ ఏడాదే ఇంకో పని జరిగింది. సినిమా స్టూడియోల సంఘం 2005లో ఒక అధ్యయనం చేయించి, దేశంలో పరిశ్రమకు వచ్చే నష్టంలో 44 శాతం కాలేజీ విద్యార్థుల వల్లనే అని ప్రకటించింది. చట్టసభ సభ్యులు ఆ అంకెను నమ్మారు. 2008 జనవరిలో అదే సంఘం, లెక్కలో మానవ తప్పిదం జరిగింది, అసలు సంఖ్య సుమారు 15 శాతం అని ఒప్పుకుంది. ఉన్నత విద్యా సంస్థల తరఫున మాట్లాడే ఎడ్యుకాజ్ అంతటితో ఆగలేదు. విద్యార్థుల్లో ఎక్కువమంది క్యాంపస్ బయటే ఉంటారు కాబట్టి క్యాంపస్ నెట్‌వర్క్‌లకు అంటగట్టగలిగేది అందులోనూ చిన్న భాగమేనని చూపించింది. అంకె కూలిపోయింది, దాని మీద కట్టిన చట్టం మాత్రం నిలబడింది. 2008 ఆగస్టు 14న అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన ఉన్నత విద్యావకాశ చట్టం, ఫెడరల్ విద్యార్థి సహాయం అందుకునే ప్రతి సంస్థ మీదా కొత్త బాధ్యత పెట్టింది. ఏటా విద్యార్థులకు కాపీరైట్ హెచ్చరిక ఇవ్వాలి. అక్రమ పంపకాన్ని ఎదుర్కోవడానికి లిఖితపూర్వక ప్రణాళిక ఉండాలి, అందులో కనీసం ఒక సాంకేతిక ఉపాయమైనా ఉండాలి. వీలైనంత మేరకు చట్టబద్ధమైన ప్రత్యామ్నాయాలు చూపాలి. 2010 జూలై 1 నుంచి ఇవి అమల్లో ఉన్నాయి. గమనించండి, విద్యార్థి ఏం చూస్తున్నాడో ఏం వింటున్నాడో కనిపెట్టమని ఈ చట్టం కూడా చెప్పలేదు. నోటీసులకు చురుగ్గా స్పందించడమే ఒక సాంకేతిక ఉపాయంగా సరిపోతుందని అనుమతించింది. అంతకుమించి చేసే ప్రతి సంస్థా తన ఇష్టంతో చేస్తున్నట్టే.

ఇది మన ఇళ్లలో విషయం కూడా. 2023–24లో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో 3,31,602 మందితో భారతదేశం మొదటి స్థానానికి వచ్చింది. ఆ సంఖ్యలో మన తెలుగు పిల్లలు ఎంతమందో ఈ గదిలో చూసినా తెలుస్తుంది. శుక్రవారం విడుదలైన సినిమా శనివారానికి టొరెంటులో కనిపిస్తే దించుకునే అలవాటు హైదరాబాద్ నుంచి పెట్టెలతోపాటే ఇక్కడికి వస్తుంది. ఆ అలవాటును నేను సమర్థించను. సినిమా తీసినవాళ్ల కష్టం, లైట్‌బాయ్ దాకా, నిజమైనది. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ నిర్వాహకుడంటూ ఒకరిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు సినీ పరిశ్రమ ఊపిరి పీల్చుకోవడంలో అన్యాయం లేదు. కానీ ఎఫ్-1 వీసా మీద ఉన్న పిల్లకు క్యాంపస్ నోటీసు అంటే పాటకు జరిమానా మాత్రమే కాదు. క్రమశిక్షణ చర్యలో సస్పెన్షన్ పడితే పూర్తికాల చదువు ఆగుతుంది. చదువు ఆగితే వీసా హోదా పోతుంది. అమెరికన్ విద్యార్థి ఒక సెమిస్టరు పోగొట్టుకునే చోట మన పిల్ల దేశమే వదలాలి. ఇంటి మీద చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఈ భయంతో నోటీసు వచ్చిన సంగతి అమ్మానాన్నలకు చెప్పరు, అడ్వైజరుకు చెప్పరు, అడిగినంత డబ్బు కట్టేస్తారు. తప్పు తన గదిలో ఉండే ఇంకొకరిదైనా సరే.

కార్నెగీ మెలన్‌లో 71 మంది విద్యార్థుల ఇంటర్నెట్ కోసిన సంగతి చెప్పాను. ఆ విశ్వవిద్యాలయంలోనే ఆ ఏడాది దాకా కంప్యూటర్ సైన్స్ స్కూలు డీన్‌గా ఉన్నది మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. ఆయన ముందుండి నడిపిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు 2007 నాటికి 15 లక్షల పుస్తకాలు స్కాన్ చేసింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ఒక కేంద్రం. ఇవాళ మనం చదివే ఎన్నో పాత తెలుగు పుస్తకాల ప్రతులు ఆ పుణ్యమే. కాపీరైట్ ఉన్న పుస్తకాల కోసం కార్నెగీ మెలన్ గ్రంథాలయం ప్రచురణకర్తలకు ఉత్తరాలు రాసి అనుమతులు అడిగింది. పంచుకోవడాన్ని శిక్షించడం ఎలాగో, సక్రమంగా పంచడం ఎలాగో రెండూ ఆ ఒక్క ప్రాంగణానికి తెలుసు. రెండో పనికి ఓపిక, డబ్బు, నమ్మకం కావాలి. విశ్వవిద్యాలయం చేయాల్సిన పని అదే అని నా నమ్మకం.

ఇప్పుడు ఆరన్ దగ్గరికి వస్తాను. 2010 సెప్టెంబరు నుంచి అతను ఎంఐటీ నెట్‌వర్క్ ద్వారా జేస్టోర్ అనే పరిశోధన పత్రికల భాండాగారం నుంచి లక్షల వ్యాసాలు దించుకున్నాడు. 2011 జనవరి 6న పట్టుబడ్డాడు. ఆ జూన్‌లోనే జేస్టోర్ అతనితో రాజీపడి, మాకింక పేచీ లేదంది. ఫెడరల్ ప్రాసిక్యూటర్లు వదల్లేదు. 2012 సెప్టెంబరు నాటికి అభియోగాలు 13కి పెరిగాయి. ఎంఐటీ తటస్థంగా ఉంటానంది. అతను పోయాక ఆ సంస్థే ప్రొఫెసర్ హాల్ ఏబెల్సన్ చేత సమీక్ష చేయించింది. 2013 జూలైలో వెలువడిన ఆ నివేదిక, ఎంఐటీ అతనిపై కక్షగట్టలేదని చెప్పింది. నాయకత్వం చూపే అవకాశాన్ని మాత్రం జారవిడిచిందని కూడా చెప్పింది. ఎంఐటీ నెట్‌వర్క్ అప్పట్లో అతిథులకు తెరిచి ఉండేది. అలాంటి చోట 'అనుమతి లేని ప్రవేశం' అంటే ఏమిటన్నది కేసుకు ప్రాణం లాంటి ప్రశ్న. దాన్ని ముందుకు తేవలసిన సంస్థ తటస్థం పేరుతో పక్కన నిలబడింది. ప్రభుత్వం ఒక వైపు, ఒంటరి యువకుడు ఒక వైపు ఉన్నప్పుడు మధ్యలో నిలబడటం సమదూరం కాదు. 2003లో బోస్టన్ కాలేజీతో కలిసి కోర్టుకెక్కిన ఎంఐటీ కూడా ఇదే.

చివరగా, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక వ్యవహారం. కాక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీ తన చందాదారులను అదుపు చేయలేదని, 10,017 పాటలకు గాను 2019లో జ్యూరీ వంద కోట్ల డాలర్లు వేసింది. 2024లో అప్పీళ్ల కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసినా, తెలిసి సహకరించిందన్న నిర్ణయాన్ని నిలిపింది. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు వాదనలు విన్నది. ఆ రోజు జస్టిస్ అలీటో విశ్వవిద్యాలయాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. 50 వేల మంది విద్యార్థులున్న చోట వెయ్యిమందిని తొలగిస్తే మరో వెయ్యిమంది వస్తారు, ఇది ఆచరణలో ఎలా సాధ్యమని రికార్డింగ్ కంపెనీల న్యాయవాదిని అడిగాడు. పాతికేళ్ల కిందట మెటాలికా దావాలో జవాబు లేకుండా ఆగిపోయిన ప్రశ్న ఇన్నాళ్లకు ఆ గదిలో పైకి వినిపించింది. కోర్టు ఏమన్నా, నోటీసు రుజువు కాదన్న సంగతి మారదు. అది ఒక ఆరోపణ.

ఈ సభలో విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు నా విన్నపం. 2008 చట్టం ప్రకారం మీ సంస్థకు లిఖితపూర్వక ప్రణాళిక ఉండి తీరాలి, అది పనిచేస్తోందో లేదో ఎప్పటికప్పుడు సమీక్షించాలి. దాన్ని తెప్పించుకుని చదవండి. ఏ విద్యార్థి ఏ గంటలో ఏ ఐపీ నంబరు వాడాడన్న చిట్టాలు ఎన్నాళ్లు దాచుతున్నారో, అవసరం తీరాక చెరిపేస్తున్నారో లేదో అడగండి. డబ్బు అడిగే ఉత్తరాలను మీ ముద్రతో పంపుతున్నారా, కనెక్షన్ కోసేముందు విద్యార్థి మాట వింటున్నారా, విదేశీ విద్యార్థికి వీసా ప్రమాదం గురించి ఎవరైనా ముందుగా చెబుతున్నారా అని అడగండి. మీ దగ్గర న్యాయ కళాశాల ఉంటే మెయిన్‌లో లాగా ఒక క్లినిక్ తలుపు ఈ పిల్లల కోసం తెరిపించండి. తల్లిదండ్రులారా, నోటీసు వచ్చిందని పిల్లలు చెబితే కేకలేయకండి. డబ్బు కట్టకముందే క్యాంపస్‌లో విద్యార్థుల న్యాయసహాయం ఆఫీసుకు వెళ్లమనండి. అధ్యాపకులు మాత్రం ఈ స్ప్రింగ్ సెమిస్టరు ముగిసేలోపే ఈ ప్రశ్నలు అడుగుతూ తమ ప్రొవోస్టుకు ఉత్తరం రాయాలని కోరుతున్నాను.